బండి ఆలస్యమునకు బాధ్యులెవరు?

టిక్కెట్టు కొన్నవాడు ఒక్క నిమిషము ఆలస్యముగా వచ్చినచో బండి వానికొరకు ఆగదు. ఆగవలెనని యెవరును కోరుటయు లేదు. వందలాది జనుల వేళను ఒక్కనికొరకు చెరచుట న్యాయము కాదు. కాని బండియే నాలుగు గంటలు ఆలస్యముగా వచ్చినచో, ఆ వందలాది జనులును దానికొరకు కాచుకొని యుండవలసినదే. ప్రయాణికుని ఆలస్యమునకు దండన కలదు: వాని టిక్కెట్టు పైకము పోవును, ప్రయాణమును పోవును. బండి ఆలస్యమునకు దండన లేదు. ఉన్నదెల్ల స్టేషనులోని యంత్రము పదేపదే పలుకు క్షమాపణ మాత్రమే. ఒకే ఒప్పందమున ఒక పక్షమునకు గడియారము యమకింకరుడై, రెండవ పక్షమునకు గోడమీది బొమ్మయై యుండుట యేమి ధర్మము? ఈ ప్రశ్నను కర్నూలు, కడప మండలముల ప్రజలు నేడు గట్టిగా అడుగవలసి యున్నది.

గట్టిగా అడుగవలసినదనుటకు కారణము కలదు. ఇది మెరక సీమ. వానకొరకు కాచుకొనుట ఈ నేలలో పుట్టినవారికి ఉగ్గుపాలతో అబ్బిన విద్య. ఆకాశము కరుణింపనపుడు ఊరు విడిచి పోవుటయు వీరికి క్రొత్త కాదు. ఆదవాని, కోసిగి, మంత్రాలయము ప్రాంతముల పల్లెలనుండి ఏటేట వేలకొలది కుటుంబములు మిరపకోతలకు గుంటూరు సీమకును, కట్టడపు పనులకు బెంగుళూరునకును తరలిపోవుట లోకవిదితమే. కడప, రాజంపేట ప్రాంతములనుండి కువైటు మున్నగు గల్ఫు దేశములకు బ్రతుకుతెరువుకై పోవువారి సంఖ్యయు తక్కువది కాదు. వీరిలో ననేకులు రైలెక్కి చెన్నపట్టణమో బొంబాయియో చేరి, అచ్చట విమానమెక్కవలసినవారు. పల్లెటూరి రోగి తెల్లవారుజామున బయలుదేరి కర్నూలు ప్రభుత్వ సర్వజన వైద్యశాలలో ఉదయపు వేళ చీటీ వ్రాయించుకొనవలెను. నిరుద్యోగియగు యువకుడు పోటీ పరీక్షకై దూరపు పట్టణమునకు పోయి, తలుపులు మూయకమునుపే పరీక్షాలయమున అడుగుపెట్టవలెను. వీరికెవ్వరికిని రెండవ బండి లేదు. మోటారుకారు బాడుగకు పిలుచుకొను స్తోమతు అంతకన్న లేదు.

కనుక ఆలస్యమువలన పోవునది టిక్కెట్టు వెలయని తలచుట పొరబాటు. ఆ దినపు కూలి పోవును. వైద్యుని దర్శనము పోవును. సంవత్సరము చదివిన చదువునకు ఫలము పోవును. అప్పుచేసి కొన్న విమానపు టిక్కెట్టు కాగితపు ముక్కగును. రాత్రి తొమ్మిదింటికి రావలసిన బండి అర్ధరాత్రి దాటి వచ్చినచో, పల్లెకు పోవు కడపటి బస్సు తప్పిపోవును. ఆడవారును పసిబిడ్డలును తెల్లవారువరకు స్టేషను బల్లలపై కూర్చుండవలసి వచ్చును. ధనవంతునికి ఆలస్యము విసుగు. పేదవానికి అది నష్టము. ఈ భేదమును గుర్తింపని రవాణా పద్ధతి ప్రజల పద్ధతి అనిపించుకొనదు.

ఇప్పుడు చట్టమేమి చెప్పుచున్నదో చూతము. బండ్లు కాలపట్టికలో చెప్పిన వేళకు బయలుదేరుననియు చేరుననియు రైల్వేవారు హామీ యియ్యరని వారి ఛార్జీల నిబంధనావళిలో 115వ నియమము పలుకుచున్నది. అనగా కాలపట్టిక ప్రకటనయే గాని ప్రమాణము కాదట! ఇక 2015లో వచ్చిన టిక్కెట్ల రద్దు నియమములలో ఒక చిన్న ఊరట కలదు. బండి ప్రయాణికుడు ఎక్కవలసిన స్టేషనునకు మూడు గంటలకు మించి ఆలస్యముగా వచ్చుచున్నచో, అతడు ప్రయాణము మానుకొని, బండి కదలకమునుపే తగిన అర్జీ పెట్టుకొన్నచో, పూర్తి పైకము తిరిగి పొందవచ్చును. పైకి చూచుటకిది బాగుగనే యున్నది. కాని ఇందులోని కీలకమును పాఠకులు గమనింపవలెను. పైకము ప్రయాణము మానుకొన్నవానికే. మానుకొనలేనివాడు, అనగా రోగి, కూలి, పరీక్షార్థి, ఆరు గంటలు కాచుకొని, ఆ బండిలోనే నలిగి ప్రయాణము చేసినచో వానికొక్క కానియు లేదు. ఎవని అవసరము హెచ్చో వానికి పరిహారము సున్న. పైగా బండి సకాలమున ఎక్కించుకొని, నడుమ దారిలో ఆరు గంటలు నిలిచిపోయినచో ఈ నియమము వాని దరిదాపులకైనను రాదు.

ఇంతకన్న వింత మరియొకటి కలదు. 1989 నాటి రైల్వే చట్టములో 95వ సెక్షను సరకుల ఆలస్యమును గూర్చినది. దారిలో ఆలస్యమగుటవలన సరకు చెడిపోయినదని సొంతదారు రుజువు చేసినచో, ఆ ఆలస్యము తమ చేతిలో లేని కారణమున గాని తమ అశ్రద్ధ లేకుండ గాని కలిగినదని రైల్వేవారే రుజువు చేసికొనవలెను; లేనిచో వారు బాధ్యతను తప్పించుకొనజాలరు. మంచిదే. రైల్వేకోడూరు తోటల అరటిగెల దారిలో మురిగిపోయినచో అడుగుటకు చట్టమున ఒక సెక్షను కలదు. ఆ తోటలో పనిచేసిన కూలివాడు అదే దారిని పోవుచు ఒక దినపు బ్రతుకును పోగొట్టుకొన్నచో వానికొరకు అట్టి సెక్షను లేదు. మరణమునకును గాయమునకును పరిహారము కలదు. 2017 జనవరి 1వ తేదీ నుండి ప్రాణనష్టమునకు 8 లక్షల రూపాయలుగా నిర్ణయించిరి. మనిషి చనిపోయినచో వెల కలదు, అరటిపండు చెడినచో వెల కలదు. బ్రతికియున్న మనిషి కాలమునకు మాత్రము వెల లేదు!

ఈ అన్యాయమును దేశపు అత్యున్నత న్యాయస్థానము గుర్తింపకపోలేదు. 2016 జూన్ నెలలో ఒక కుటుంబము అజ్మీరు–జమ్ము బండిలో ప్రయాణము చేసినది. బండి నాలుగు గంటలు ఆలస్యముగా జమ్ము చేరినది. జమ్మునుండి శ్రీనగరము పోవలసిన విమానము తప్పిపోయినది. ఆ కుటుంబము టాక్సీ కట్టించుకొని కొండదారిని పోవలసి వచ్చినది. రైల్వేవారు యథాప్రకారముగా తమ నిబంధనావళిని ముందుంచిరి. 2021 సెప్టెంబరు 6వ తేదీన సుప్రీముకోర్టు ఆ వాదమును త్రోసిపుచ్చినది. ఆలస్యమునకు కారణమును చూపి, అది తమ చేతిలో లేనిదని రైల్వేవారే సాక్ష్యముతో రుజువు చేయవలెననియు, చేయలేనిచో పరిహారమియ్యక తప్పదనియు తీర్పు చెప్పినది. టాక్సీ ఖర్చునకు 15,000, ముందుగా చెల్లించిన బసకు 10,000, మనోవ్యథకు 5,000, వ్యాజ్యపు ఖర్చులకు 5,000 రూపాయలు ఇప్పించినది. ప్రయాణికుల కాలము విలువైనదని ఆ తీర్పు చాటిన సత్యము. దీనిని స్టేషను గోడలమీద వ్రాయించినను తప్పు లేదు.

అయినను తీర్పు వచ్చినంతమాత్రమున బీదవాని చేతికి పైకము వచ్చినట్లు కాదు. ఆ కుటుంబము జిల్లా ఫోరమునుండి రాష్ట్ర కమిషనునకు, అటనుండి జాతీయ కమిషనునకు, అటనుండి సుప్రీముకోర్టునకు పోయి, అయిదేండ్లకు గెలిచినది. 200 రూపాయల టిక్కెట్టు కొన్న కోసిగి కూలివాడు ఢిల్లీవరకు పోరాడునా? అట్లని ఉన్న మార్గమును మరువరాదు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము ప్రకారము ప్రయాణికుడు తాను నివసించు జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చును. 5 లక్షల రూపాయల లోపు వ్యవహారములకు రుసుము లేదు. వకీలు నుంచుకొనవలెనన్న నిర్బంధమును లేదు. ఈ సంగతి పట్టణములలోనే పదిమందికి తెలియదు. పల్లెల మాట చెప్పనేల? అయితే ఒక్కొక్కడు కోర్టు మెట్లెక్కి సంపాదించుకొనునది హక్కు కాదు, అదృష్టము. అడుగకయే చేతికందునదే హక్కు.

అట్టి హక్కు సాధ్యమా యని సందేహించువారు లోకము నాలుగు దిక్కులను చూడవచ్చును. ఐరోపా సమాజపు దేశములలో 2009 డిసెంబరు నుండి అమలులో నున్న నియమముల ప్రకారము, బండి ఒక గంటకు మించి ఆలస్యమైనచో టిక్కెట్టు వెలలో నాల్గవ వంతు, రెండు గంటలు మించినచో సగము ప్రయాణికునకు చెల్లింపవలెను. 2023 జూన్ నుండి అమలైన క్రొత్త నియమములలో ప్రకృతి వైపరీత్యములకు మినహాయింపు నిచ్చిరి గాని మూలసూత్రమును విడువలేదు. జపానులో వేగపు బండి రెండు గంటలు ఆలస్యమైనచో ఆ వేగమునకై అదనముగా తీసికొన్న రుసుమును తిరిగి ఇచ్చివేయుదురు. అంతేకాదు, బండి ఆలస్యమైనదని తెలుపు చీటీని స్టేషనులో ఇత్తురు. ఉద్యోగి తన కార్యాలయమునను, విద్యార్థి తన పాఠశాలలోను దానిని చూపుకొనును. ఆ చీటీకి ఖర్చెంత? కాగితపు ముక్క వెల. కాని అది "తప్పు నీది కాదు, మాది" యని సంస్థ తన చేవ్రాలుతో ఒప్పుకొనుట. ఆ ఒప్పుకోలే మనకు కరువైనది.

పరదేశముల మాట మనకేల యనువారు స్వదేశమునే చూడవచ్చును. 2019 అక్టోబరులో లక్నో–ఢిల్లీ నడుమ రైల్వేవారి అనుబంధ సంస్థయే తేజస్ బండిని నడుపనారంభించి, గంటకు మించిన ఆలస్యమునకు 100 రూపాయలు, రెండు గంటలు మించినచో 250 రూపాయలు ఇచ్చెదమని ప్రకటించినది, చెల్లించినది కూడ. 2024లో ఆ యేర్పాటును ఆపివేసిరి. హెచ్చు ఛార్జీ చెల్లింపగలవారి బండికి కొన్నియేండ్లు సాధ్యమైనది, సామాన్యుల బండికి ఒక్కనాడును సాధ్యము కాదా? విమానముల విషయమున 2010 నుండి ప్రభుత్వ శాఖయే నియమములు చేయుచు వచ్చినది. వాని ప్రకారము విమానము ఆలస్యమైనచో కాచుకొన్నవారికి ఫలహారమీయవలెను. ఆరు గంటలు మించు నట్లున్నచో మరియొక విమానమునో పూర్తి పైకమునో ఇయ్యవలెను. విద్యుచ్ఛక్తి విషయమున 2003 నాటి చట్టమున 57వ సెక్షను, నిర్ణీత ప్రమాణములు తప్పిన పంపిణీ సంస్థ వినియోగదారునకు పరిహారమీయవలెనని శాసించుచున్నది. ఇంటి దీపము ఆరినచో బాధ్యత కలదని ఒప్పుకొన్న ప్రభుత్వము, దారిలో బండి ఆగినచో బాధ్యత లేదనుట యెట్లు పొసగును?

ఇంతవరకు రైలును గూర్చి చెప్పితిమి. మన సీమలో హెచ్చుమంది నమ్ముకొన్నది బస్సు. కర్నూలునుండి నంద్యాల, ఆళ్ళగడ్డ, మైదుకూరుల మీదుగా కడపకు పోవు దారి ఇన్నూరు కిలోమీటర్ల చిల్లర. ఆ దారి పొడుగున రోడ్డు రవాణా సంస్థ బస్సే ప్రజలకు కాలును చేయియు. 1958 జనవరిలో ఏర్పడిన ఆ సంస్థ మారుమూల పల్లెలకు చేసిన సేవ మరువరానిది. 2020 జనవరి 1వ తేదీనుండి దాని ఉద్యోగులు ప్రభుత్వోద్యోగులైరి. ప్రభుత్వము జీతములిచ్చు సంస్థకు ప్రభుత్వపు జవాబుదారీతనమును ఉండవలెను గదా! బస్సు నడుమ దారిలో చెడిపోయినచో, వెనుకవచ్చు బస్సులో ఎక్కుడని చెప్పుట నేటి పద్ధతి. వెనుకవచ్చు బస్సు అప్పటికే క్రిక్కిరిసి యుండును. ముసలివారును బాలింతలును ఎండలో రోడ్డుప్రక్క నిలిచి, రెండు మూడు బస్సులను చూచి వదలుకొనుట ఎరుగనివా రెవరు?

ఇచ్చట ఒక సూక్ష్మమైన విషయము కలదు. 2025 ఆగస్టు 15వ తేదీనుండి ఆంధ్రప్రదేశమున స్త్రీలకు అనేక తరగతుల బస్సులలో ఉచిత ప్రయాణము కల్పించిరి. పరిహారమును టిక్కెట్టు వెలలో ఇంత భాగమని లెక్కించినచో, సున్న టిక్కెట్టుపై పరిహారమును సున్నయే యగును. అంతేకాదు, ఉచితముగా పొందిన సేవకు వినియోగదారుల చట్టము వర్తింపదని వాదించువారును బయలుదేరవచ్చును. ఈ వాదము నిలువదగినది కాదు. స్త్రీ చేతినుండి పైకము రాకున్నను, ఆమె ఛార్జీని ప్రభుత్వము ప్రజల పన్నులనుండి సంస్థకు భర్తీ చేయుచున్నది. ఉచితమని పేరు పెట్టి హక్కును హరించుట దానము కాదు. కాబట్టి పరిహారమును టిక్కెట్టు వెలతో మాత్రమే ముడిపెట్టక, ప్రతి ప్రయాణికునకును ఒక కనీసపు మొత్తమును నిర్ణయింపవలెను.

ఇక ఆక్షేపణలను విచారింతము. మొదటిది, ఈ పైకము ఎవరి పైకము? ప్రజలదే గదా, ఒక చేతితో తీసి మరియొక చేతికిచ్చుట యేమి లాభమని కొందరందురు. ఇది వినసొంపైన మాటయే గాని నిజము కాదు. ఆలస్యపు నష్టము నేడును ప్రజలే భరించుచున్నారు. కాని దానిని వేలకొలది పేదలు విడివిడిగా, లెక్కకెక్కకుండ భరించుచున్నారు. పరిహారమన్నది వచ్చినచో ఆ నష్టము సంస్థ పద్దులలోనికి ఎక్కును. పద్దులోనికి ఎక్కినదానిని పై అధికారి చూచును, శాసనసభ్యుడు ప్రశ్నించును, పత్రికలు ప్రకటించును. ఏ స్టేషనున, ఏ బండి, ఏ కారణమున నెన్నిసార్లు ఆగుచున్నదో అప్పుడు బయటపడును. పరిహారపు ప్రయోజనము పైకము పంచుటలో కన్న లెక్క పుట్టించుటలో హెచ్చు.

రెండవ ఆక్షేపణ గంభీరమైనది. పరిహారమునకు జడిసి డ్రైవర్లు వేగిరపడుదురు, ప్రాణములకు ముప్పు కలుగునని కొందరు భయపడుచున్నారు. ఈ భయమును తేలికగా చూడరాదు. 1902 సెప్టెంబరు 12వ తేదీ రాత్రి కడప మండలమున మంగపట్నము చెంత వాన ఉధృతికి వంతెన కొట్టుకొనిపోగా మద్రాసు మెయిలు వాగులో కూలి సుమారు డెబ్బదిమంది ప్రాణములు పోయినవి. ఆనాడు ఆ బండి వాగు గట్టున తెల్లవారువరకు నిలిచియుండినచో ఎవ్వరును దానిని ఆలస్యమని దూరియుండరు, చేతులెత్తి మ్రొక్కియుందురు. 2021 నవంబరులో చెయ్యేటి వరదకు అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి, నందలూరు–రాజంపేటల నడుమ రైలుమార్గము కొట్టుకొనిపోయినపుడు బండ్లు ఆగుటయే ధర్మము. ప్రాణరక్షణకై ఆపిన బండికి పరిహారమును కోరువాడు ప్రజల మిత్రుడు కాడు. కనుకనే వరద, గాలివాన, ప్రమాదసూచన మున్నగు సందర్భములకు మినహాయింపు స్పష్టముగా నుండవలెను. అంతేకాదు, పరిహారపు పైకమును డ్రైవరు, కండక్టరు, గార్డుల జీతములనుండి ఒక్క రూపాయియు కోయరాదు. బాధ్యత సంస్థది, చిన్న ఉద్యోగి మెడకు దానిని తగిలించుట తిలాపాపము తలా పిడికెడని పంచుటకన్న హీనము.

అయితే మినహాయింపు అను ద్వారమునుండి ఏనుగులు దూరిపోకుండ చూడవలెను. గూడ్సు బండికి దారి యిచ్చుటకై ప్రయాణికుల బండిని ప్రక్క లైనులో గంటలకొలది నిలుపుట దైవికము కాదు. ఒంటిమార్గమున ఎదురుబండికై కాచుకొనుట దైవికము కాదు. రెండవ మార్గము వేయనివారి జాప్యము. నంద్యాల–ఎర్రగుంట్ల మార్గమునే చూడుడు. 1996–97లో మంజూరైన ఆ 123 కిలోమీటర్ల మార్గము 2016 ఆగస్టులో గాని ప్రయాణికుల బండిని చూడలేదు. ఒక తరము పుట్టి పెరిగి పెద్దదైనది! ఆ ఇరువది యేండ్ల ఆలస్యమునకు ఎవరు పరిహార మిచ్చిరి? ఆలస్యము ఉచితమైనంతకాలము అది గంటలలో నిలువదు, దశాబ్దములకు ప్రాకును. సుప్రీముకోర్టు చెప్పినట్లు, కారణము తమ చేతిలో లేనిదని రుజువు చేయు భారము సంస్థమీదనే యుండవలెను.

మూడవది ఆక్షేపణ కాదు, కిటుకు. కాలపట్టికలో కడపటి స్టేషనునకు ముందు అదనపు నిమిషములను చేర్చి, నడుమ దారిలో గంట ఆలస్యమైన బండిని చివరకు సకాలమున చేరినట్లు చూపు పద్ధతి కలదు. అట్టి లెక్కలో బండి వేళకే వచ్చినట్లు. డోనులోనో ఎర్రగుంట్లలోనో కడపలోనో దిగినవాని గంట మాత్రము గాలిలో కలిసినట్లు. కనుక ఆలస్యమును బండి గమ్యస్థానమున గాక, ఒక్కొక్క ప్రయాణికుడు దిగిన స్టేషనున కొలువవలెను. కొలత సరిగా లేనిచో తక్కెడ ఎంత మెరసినను తూకము మోసమే.

కర్నూలు సిటీ స్టేషను హైదరాబాదు డివిజనులోనిది. డోను, కడపలు గుంతకల్లు డివిజనులోనివి. ఒకే ప్రయాణమున రెండు డివిజనులు తగులును. ఫిర్యాదు చేసినవానిని ఒకరు మరియొకరిని చూపి త్రిప్పుట మనకు తెలియనిది కాదు. ప్రయాణికుడు టిక్కెట్టు కొన్నది రైల్వేనుండి, డివిజనునుండి కాదు. ఏ కిటికీవద్ద అర్జీ ఇచ్చినను స్వీకరింపవలసినదే.

మేము కోరునవి గొంతెమ్మ కోర్కెలు కావు. బండిగాని బస్సుగాని తగిన కారణము లేక గంటకు మించి ఆలస్యమైనచో ఛార్జీలో నాల్గవ వంతు, రెండు గంటలు మించినచో సగము, నాలుగు గంటలు మించినచో పూర్తి ఛార్జీ తిరిగి ఇయ్యవలెను. సాధారణ తరగతివానికిని సున్న టిక్కెట్టు స్త్రీకిని ఒక కనీసపు మొత్తము తప్పక ఉండవలెను. చేతిఫోనులో టిక్కెట్టు కొన్నవారికి అర్జీ లేకయే వారి ఖాతాలో పైకము పడవలెను. పైకము తీసికొనుటకు క్షణము పట్టని యంత్రమునకు తిరిగి ఇచ్చుటకును క్షణము చాలును. కిటికీవద్ద కొన్నవారికి దిగిన స్టేషనుననే ఇయ్యవలెను. కోరినవారికెల్ల ఆలస్యపు చీటీ ఇయ్యవలెను; పరీక్షలు నడుపు సంస్థలును వైద్యశాలలును ఆ చీటీని మన్నింపవలెను. రెండు గంటలు కాచుకొన్నవారికి త్రాగునీరు, పసిపిల్లలకు పాలు, రాత్రివేళ కడపటి బస్సు తప్పినవారికి తలదాచుకొను చోటు కల్పింపవలెను. నెలనెల ఏ బండి యెంత ఆలస్యమైనదో, ఎంత పరిహారమిచ్చిరో తెలుగున వ్రాసి ప్రతి స్టేషనునను, బస్సు నిలయమునను అంటింపవలెను.

1917లో గాంధీమహాత్ముడు మూడవ తరగతి రైలు ప్రయాణికుల దుస్థితిని గూర్చి వ్యాసము వ్రాసి ప్రకటించెను. ఆయన ఆ తరగతిలో స్వయముగా ప్రయాణించి చూచినదే వ్రాసెను. నాడు మన సీమలో బండ్లు నడిపినది మద్రాసు అండ్ సదరన్ మరాఠా రైల్వే కంపెనీ. ప్రజలు దానిని పరాయి సొత్తుగా ఎంచి సహించిరి. 1944లో అది ప్రభుత్వ పరమైనది; 1947లో ప్రభుత్వమే ప్రజల పరమైనది. పరాయివాని బండి ఆలస్యమైనచో అది దొరతనము. మన బండి ఆలస్యమై, మనకు సంజాయిషీ కూడ లేనిచో దానికేమి పేరు పెట్టుదుము? స్వరాజ్యమన్నది ఎఱ్ఱకోటమీది జెండాలో మాత్రమే కాదు, డోను ప్లాట్‌ఫారముమీద కాచుకొన్న కూలివానికి దక్కు మర్యాదలోను కనబడవలెను.

అడుగనిది అమ్మయైనను పెట్టదందురు. మనవారు అడుగుట మరచిరి. ఆలస్యమును తలవ్రాతలో చేర్చుకొనిరి. ఈ అలవాటు మానవలెను. గ్రంథాలయోద్యమమునకును వయోజన విద్యకును జీవితమును ధారవోసిన గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు కర్నూలున పుట్టినవారు. ఆ గడ్డమీది పఠనమందిరములు నేడొక చిన్న పనికి పూనుకొనవచ్చును. తమ ఊరి స్టేషనున, బస్సు నిలయమున వచ్చిపోవు బండ్ల వేళలను దినదినము ఒక పుస్తకమున వ్రాసి యుంచవలెను. చదువురాని ప్రయాణికునకు ఫిర్యాదు వ్రాసిపెట్టవలెను. జిల్లా వినియోగదారుల కమిషనునకు దారి చూపవలెను. పది ఊళ్ళ పుస్తకములు ఒక్కచోట చేరినచో, ఏ శాఖయు కాదనలేని సాక్ష్యమగును. పార్లమెంటునకును శాసనసభకును మనము పంపిన ప్రతినిధులు ఆ సాక్ష్యమును చేతబట్టుకొని, సరకునకు ఇచ్చిన సెక్షనును మనిషికిని ఇండని అడుగవలెను. వారు అడుగకున్నచో, మరల ఓట్లకై వచ్చినపుడు మనము వారిని అడుగవలెను.